సిరిసిల్ల కరెంటు ఎవరిది? ఒక బ్యాంకర్, ఒక కార్పొరేషన్, ఒక సహకార సంఘం కథ

ఈ రోజు ఎపిసోడ్‌ని ఒక చిన్న పనితో మొదలుపెడదాం. ఇంట్లో ఉంటే, ఈ నెల కరెంటు బిల్లు ఒకసారి చేతిలోకి తీసుకోండి.

జగిత్యాలలో ఉన్నవాళ్ల బిల్లు మీద ఎన్‌పీడీసీఎల్ అని ఉంటది. కోరుట్లలో ఉన్నవాళ్లకి కూడా అదే. అంటే ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ, ప్రభుత్వ కంపెనీ, వరంగల్ వైపు హెడ్డాఫీసు. ఇప్పుడు సిరిసిల్లలో ఉన్న మీ మేనత్త ఇంటికి ఫోన్ చేసి అడగండి. వాళ్ల బిల్లు మీద వేరే పేరు ఉంటది: సెస్. సహకార విద్యుత్ సరఫరా సంఘం. వేములవాడలో అదే, ఎల్లారెడ్డిపేటలో అదే, ముస్తాబాద్‌లో అదే.

ఒకప్పుడు ఈ మూడు ఊళ్లూ ఒకే కరీంనగర్ జిల్లా. స్తంభాలు అవే, తీగలు అవే, కరెంటు కూడా అదే. మరి సిరిసిల్లకు మాత్రం వేరే సంఘం ఎందుకు? తెలంగాణ మొత్తంలో ఇట్లాంటిది ఇంకొకటి లేదు. ఇదేదో లోకల్ విచిత్రం అనుకుని నేను కూడా చాలా రోజులు పట్టించుకోలేదు. వెతుకుతా పోతే దాని వెనక రిజర్వ్ బ్యాంకు ఉంది, స్టేట్ బ్యాంకు ఉంది, అమెరికా గోధుమలు ఉన్నయి, 1969 జులైలో ఒక వారం ఉంది. వీటన్నిటినీ కలిపే ఒక మనిషి కూడా ఉన్నడు. ఆయన పేరు బి. వెంకటప్పయ్య.

ఈ పేరు నేను బీటెక్ అయ్యేదాకా వినలేదు. మీలో కూడా చాలామంది విని ఉండరు. ఫైనాన్స్, కరెంటు, ప్రభుత్వ పాలన, ఈ మూడింటిలోనూ పెద్ద కుర్చీల్లో కూర్చున్న మనిషి. ఆయన కెరీర్ చెప్తే మన ఊరి కరెంటు కథ దానంతట అదే తెలుస్తది.

600 ఊళ్లు తిరిగిన సర్వే

వెంకటప్పయ్య ఐసీఎస్ అధికారి. ఐసీఎస్ అంటే బ్రిటిష్ కాలంలో ఇప్పటి ఐఏఎస్ లాంటిది. అప్పటి బొంబాయి రాష్ట్రంలో పనిచేసిండు. 1951లో రిజర్వ్ బ్యాంకు ఒక పెద్ద సర్వే మొదలుపెట్టింది. పేరు అఖిల భారత గ్రామీణ పరపతి సర్వే. ప్రశ్న చాలా సింపుల్: మన రైతుకి అప్పు ఎవరిస్తున్నరు?

ఈ సర్వే నడిపిన కమిటీకి ఎ.డి. గోర్వాలా ఛైర్మన్. సభ్యుల్లో డి.ఆర్. గాడ్గిల్ ఉన్నరు, వెంకటప్పయ్య ఉన్నరు. 75 జిల్లాలు, 600 ఊళ్లు. వచ్చిన లెక్క చూస్తే ఇప్పటికీ గుండె గుభేల్ మంటది. రైతు తెచ్చుకునే ప్రతి 100 రూపాయల అప్పులో దాదాపు 70 రూపాయలు వడ్డీ వ్యాపారి దగ్గర్నుంచే. సహకార సంఘాలు ఇచ్చేది 3 రూపాయల చిల్లర. కమర్షియల్ బ్యాంకులు ఇచ్చేది 1 రూపాయి కూడా నిండదు.

షావుకారి దగ్గరికి పోతే ఏమైతదో మన దగ్గర తాతలను అడగండి. కాగితం మీద వేలిముద్ర, కళ్లంలో పంట కొలిచేటప్పుడే సగం పోవుడు. కరీంనగర్ జిల్లాలో దొరల గడీల కథలు వేరే చెప్పక్కర్లేదు. అప్పు, భూమి, అధికారం మూడూ ఒకరి చేతిలోనే ఉంటుండె.

1954 చివర్లో రిపోర్టు బయటికొచ్చింది. దేశంలో సహకార ఉద్యమం 50 ఏళ్లు నడిచినా ఊళ్లో బలమైనవాళ్ల ముందు నిలబడలేకపోయిందని కమిటీ ఒప్పుకుంది. అయితే దాన్ని మూసెయ్యమని చెప్పలే. ప్రభుత్వమే పెట్టుబడి పెట్టి, భాగస్వామిగా పక్కన నిలబడి, ఈ సంఘాలను గట్టిగా నిలబెట్టాలంది. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, తర్వాత సిరిసిల్లలో మళ్లీ వస్తది.

ఇంకో సిఫారసు కూడా చేసిన్రు. ఇంపీరియల్ బ్యాంకును ప్రభుత్వం తీసుకుని ఊళ్ల వైపు తిప్పాలి అని. అట్లా 1955 జులై 1న పుట్టిందే మన ఎస్‌బీఐ. అయిదేళ్లలో 400 కొత్త బ్రాంచీలు తెరవాలని దానికి చట్టంలోనే టార్గెట్ పెట్టిన్రు. ఇవాళ మీ అమ్మ పాస్‌బుక్ పట్టుకుని లైన్‌లో నిలబడే ఎస్‌బీఐకి మూలం ఆ 600 ఊళ్ల సర్వేనే.

అదే 1955లో వెంకటప్పయ్య రిజర్వ్ బ్యాంకు డిప్యూటీ గవర్నర్ అయిండు. 1962 దాకా ఆ కుర్చీలో ఉన్నడు. తర్వాత 1962 నుంచి 1965 దాకా ఎస్‌బీఐ ఛైర్మన్. అంటే ఏ బ్యాంకు పుట్టాలని సిఫారసు చేసిండో అదే బ్యాంకును నడిపిండు. మన సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే డిజైన్ డాక్యుమెంట్ రాసిన మనిషే ప్రొడక్షన్‌లో సపోర్ట్ కూడా చూసుకున్నట్టు. ఇది చాలా అరుదు. ఎక్కువమంది డాక్యుమెంట్ రాసి వేరే టీమ్‌కి పోతరు.

అప్పుల కమిటీకి కరెంటుతో ఏం పని?

1965, 1966 రెండేళ్లు దేశమంతా కరువు. తిండిగింజలకు అమెరికా ఓడల కోసం ఎదురుచూసిన రోజులు. పీఎల్-480 అనే పథకం కింద అమెరికా మనకు గోధుమలు అమ్మేది. డాలర్లు మన దగ్గర లేవు కాబట్టి డబ్బులు రూపాయల్లో తీసుకునేది. ఆ రూపాయలు అమెరికాకు తీసుకుపోయి ఏం చేస్తరు? ఇక్కడే కుప్పలుగా పడి ఉన్నయి. ఈ రూపాయల కుప్పను కూడా గుర్తుపెట్టుకోండి.

1966లో రిజర్వ్ బ్యాంకు ఇంకో కమిటీ వేసింది. అఖిల భారత గ్రామీణ పరపతి సమీక్షా కమిటీ. ఈసారి ఛైర్మన్ వెంకటప్పయ్యనే. మధ్యలో 1967లో ప్లానింగ్ కమిషన్ సభ్యుడు కూడా అయిండు. గాడ్గిల్ అక్కడ డిప్యూటీ ఛైర్మన్. 1951 నాటి ఇద్దరు కమిటీ దోస్తులు మళ్లీ ఒకే టేబుల్ దగ్గరికి వచ్చిన్రు.

కొత్త వరి, గోధుమ విత్తనాలు అప్పుడే వస్తున్నయి. వాటికి టైముకు నీళ్లు కావాలె. కాలువ ఉంటే సరే. లేకపోతే బావి, బావికి మోటరు, మోటరుకు కరెంటు. ఇప్పుడు ఆలోచించండి. బ్యాంకు రైతుకు మోటరు కోసం అప్పిచ్చింది. మోటరు కొన్నడు, బావి గడ్డ మీద పెట్టిండు. కరెంటు లైను మాత్రం ఊళ్లోకి రాలే. మోటరు తుప్పు పడతది, అప్పు మీద వడ్డీ పెరుగుతది. తీగ లేకుండా ఇచ్చిన అప్పు రైతుకు ఉరితాడే.

మరి లైను ఎందుకు రాలే? ఎందుకంటే రాష్ట్ర విద్యుత్ బోర్డులకు ఊరు అంటే నష్టం. టౌనులో ఒక కిలోమీటరు లైను వేస్తే వందల కనెక్షన్లు. ఊరి బయట బావుల దగ్గరికి కిలోమీటరు లైను వేస్తే నాలుగైదు మోటర్లు. స్తంభాల ఖర్చు ఒకటే, వచ్చే బిల్లు పదో వంతు కూడా ఉండదు. పైగా మోటర్లు ఏడాదిలో కొన్ని నెలలే నడుస్తయి. లెక్క చూసే ఏ ఇంజినీరైనా ముందు టౌనుకే పోతడు.

అందుకే కమిటీ ఒక మాట చెప్పింది: ఊళ్లకు కరెంటు ఇవ్వడానికి మాత్రమే అప్పిచ్చే ప్రత్యేక సంస్థ ఒకటి కావాలె. దాని పేరే గ్రామీణ విద్యుదీకరణ కార్పొరేషన్, ఆర్ఈసీ.

1969 జులైలో ఒక వారం

1969 జులై 19న ఇందిరాగాంధీ ప్రభుత్వం 14 పెద్ద బ్యాంకులను జాతీయం చేసింది. ఇది అందరికీ తెలుసు, గ్రూప్స్ ఎగ్జామ్‌లో కూడా అడుగుతరు. సరిగ్గా ఆరు రోజుల తర్వాత, జులై 25న, ఆర్ఈసీ రిజిస్టర్ అయింది. ఇది మాత్రం ఎవరూ అడగరు. ఊరి వైపు మళ్లిన మన చరిత్రలో ఈ రెండూ అక్కాచెల్లెళ్ల లాంటివి. ఒకటి అప్పు తెచ్చింది, ఇంకొకటి తీగ తెచ్చింది.

ఆర్ఈసీకి నాలుగో ప్రణాళికలో 150 కోట్లు అనుకున్నరు. అందులో 105 కోట్లు ఎక్కడివో తెలుసా? ఇందాక చెప్పిన పీఎల్-480 రూపాయల కుప్ప. అంటే కరువులో మనం తిన్న గోధుమ రొట్టెల డబ్బు తిరిగి తిరిగి మన పల్లెల్లో కరెంటు స్తంభమై నిలబడ్డది.

తొలి ఏళ్లలో ఆర్ఈసీ ఛైర్మన్ ఎవరు? మళ్లీ వెంకటప్పయ్యనే. రిజర్వ్ బ్యాంకు, స్టేట్ బ్యాంకు, ప్లానింగ్ కమిషన్, చివరికి కరెంటు. బయటికి చూస్తే నాలుగు వేరే ఉద్యోగాలు. నాకు మాత్రం 1951 నుంచి ఆయన ఒకటే ప్రశ్న పట్టుకుని తిరిగినట్టు అనిపిస్తది: డబ్బు ఊరిదాకా పోవాలంటే మధ్యలో ఏ సంస్థ ఉండాలె?

అయిదు చోట్ల ప్రయోగం, అందులో మనది ఒకటి

అప్పు ఇవ్వడం ఒక్కటే కాదు, ఆర్ఈసీ ఒక ప్రయోగం కూడా చేసింది. దానికి మోడల్ అమెరికా పల్లెలు. 1930ల మధ్యలో అమెరికాలో వంద రైతు ఇళ్లలో దాదాపు పదింటికే కరెంటు ఉండేది. అక్కడి ప్రైవేటు కంపెనీలు కూడా మన బోర్డుల లాగే పల్లెకు పోతే నష్టం అన్నయి. అప్పుడు 1935లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం ఒక ప్రత్యేక సంస్థ పెట్టి, రైతుల సహకార సంఘాలకు తక్కువ వడ్డీకి అప్పులిచ్చింది. రైతులే సభ్యులు, రైతులే ఓనర్లు, వాళ్ల లైను వాళ్లే వేసుకున్నరు. ఆ సంఘాల జాతీయ సమాఖ్య నుంచి నిపుణులు అమెరికా సాయం కింద మన దేశానికి వచ్చిన్రు.

ఇండియాలో మొదట అయిదు చోట్లు ఎంచుకున్నరు. మహారాష్ట్రలో మూల ప్రవర, కర్ణాటకలో హుక్కేరి, గుజరాత్‌లో కోడినార్, ఉత్తరప్రదేశ్‌లో లక్నో, ఆంధ్రప్రదేశ్‌లో సిరిసిల్ల.

ఈ లిస్టులో మన సిరిసిల్లను చూస్తే నాకు గర్వంతో పాటు ఆశ్చర్యం కూడా. ప్రవర వైపు చూడండి, అక్కడ అప్పటికే సహకార చక్కెర ఫ్యాక్టరీ ఉంది, చెరకు రైతుల చేతిలో డబ్బు ఆడుతుండె. మరి సిరిసిల్ల తాలూకా? మెట్ట ప్రాంతం. జగిత్యాల, కోరుట్ల వైపు శ్రీరాంసాగర్ కాలువ రాబోతుండె, పోచంపాడుకు 1963లోనే నెహ్రూ పునాదిరాయి వేసిండు. సిరిసిల్ల వైపు ఆ ఆశ లేదు. నిమ్మపల్లి, నర్మాల అని పేర్లు చెప్పుకుంటం గానీ, ఎక్కువ ఊళ్లకు చెరువు, బావే దిక్కు. పట్నంలో పద్మశాలీల చేమగ్గాలు. పని లేనప్పుడు భీవండికి, షోలాపూర్‌కి, బొంబాయికి బస్సెక్కుడు. అంటే కరెంటు అవసరం ఎక్కువ ఉన్న చోటు, దానికి డబ్బు కట్టే తాహతు తక్కువ ఉన్న చోటు.

1970లో సెస్ కరెంటు ఇవ్వడం మొదలుపెట్టింది.

సెస్ ఎట్లా పనిచేస్తది?

ఇది చాలామందికి తెల్వదు కాబట్టి కొంచెం నిదానంగా చెప్తా. సెస్ కరెంటు తయారు చెయ్యదు. రాష్ట్ర సంస్థ దగ్గర హోల్‌సేల్‌గా కొంటది. ముందు విద్యుత్ బోర్డు దగ్గర, ఇప్పుడు ఎన్‌పీడీసీఎల్ దగ్గర. కిరాణం దుకాణపాయన సంచుల లెక్కన బియ్యం తెచ్చి కిలోల లెక్కన అమ్మినట్టు. ఆ హోల్‌సేల్ రేటు ఎంతో, మనకు అమ్మే రేటు ఎంతో విద్యుత్ నియంత్రణ మండలి నిర్ణయిస్తది. ఈ రెండు రేట్ల మధ్య మిగిలిన దాంతోనే లైన్‌మెన్ జీతాలు, ట్రాన్స్‌ఫార్మర్లు, పాత అప్పులు అన్నీ చూసుకోవాలె.

తేడా ఎక్కడంటే ఓనర్ దగ్గర. కనెక్షన్ తీసుకున్నవాళ్లు షేరు కట్టి సభ్యులైతరు. సభ్యులు ఓటేసి డైరెక్టర్లను ఎన్నుకుంటరు. స్టార్టప్‌లో ఎవరు ఎక్కువ డబ్బు పెడితే వాళ్లకు బోర్డులో ఎక్కువ పవర్. సహకార సంఘంలో అట్ల కాదు, ఒక మనిషికి ఒక ఓటు. యాభై మగ్గాల సేటుకూ ఒకటే, ఒక బుగ్గ ఉన్న బీడీలు చేసే అక్కకూ ఒకటే. కాగితం మీద ఇది ఎంత పెద్ద విషయమో ఆలోచించండి. నిన్నటిదాకా గడీ ముందు చెప్పులు చేతిలో పట్టుకుని నడిచిన ప్రాంతంలో ఇది.

కాగితం మీద అని ఎందుకంటున్నా అంటే, ఊళ్లో నిజం వేరే ఉండె. షేరు కట్టాలంటే కనెక్షన్ ఉండాలె. మోటరు కనెక్షన్ కావాలంటే బావి ఉండాలె, బావి కావాలంటే భూమి ఉండాలె. భూమి లేనోడికి సెస్‌లో ఏముంది? 1978 సెప్టెంబర్‌లో జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగింది. వెట్టి వద్దు, కూలి పెంచాలె, ఆక్రమించిన భూములు వదలాలె అని వేలమంది నడిచిన్రు. కొద్ది వారాలకే, అక్టోబర్‌లో, ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. అంటే దేశానికి మోడల్‌గా చూపించిన సహకార కరెంటు తాలూకాలోనే, ఎనిమిదేళ్లకు పోలీసు క్యాంపులు వచ్చినయి. కరెంటు వచ్చినంత మాత్రాన ఊళ్లో అధికారం పంచబడదు. వెంకటప్పయ్య కమిటీ రిపోర్టులకు కూడా అందని ముడి ఇది.

అయినా సరే, బుగ్గ వెలిగింది. మోటరు తిరిగింది. తర్వాత తర్వాత చేమగ్గం స్థానంలో మరమగ్గం వచ్చింది. భీవండిలో పని నేర్చుకున్నవాళ్లు ఇక్కడే మగ్గాలు పెట్టుకున్నరు. ఇవాళ సిరిసిల్లలో ఏ గల్లీలో నడిచినా టకటక టకటక వినపడతది కదా, ఆ చప్పుడుకు వెనక సెస్ తీగ ఉంది.

మీటరు పోయినంక లెక్క పోయింది

ఇప్పుడు అసలు కష్టమైన భాగానికి వస్తున్నా. సహకార సంఘం ఒక సింపుల్ సూత్రం మీద నడుస్తది: వాడినోడు కడతడు, కట్టినోడు అడుగుతడు. ఈ సూత్రం మన రాష్ట్రంలో మెల్లగా మారిపోయింది.

1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం వచ్చినంక వ్యవసాయ మోటర్లకు హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయల లెక్కన స్లాబు రేటు వచ్చింది. 2004 మేలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి తొలి సంతకంతో ఉచిత కరెంటు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు. మరమగ్గాలకు కూడా 50 శాతం రాయితీ.

నేను దీన్ని తప్పు అనడం లేదు, గమనించండి. కాలువ ఉన్న రైతుకు నీళ్లు దాదాపు ఉచితంగా వస్తున్నయి. బావి మీద బతికే రైతు మాత్రం సొంత డబ్బుతో బావి తవ్వి, బోరు వేసి, మోటరు కాలిపోతే రివైండింగ్ చేయించి, మళ్లీ కరెంటు బిల్లు కూడా కట్టాలంటే అది న్యాయమా? సిరిసిల్లలో నేతన్నల ఆత్మహత్యలు పేపర్ల మొదటి పేజీల్లో వచ్చిన రోజులు మీ ఇంట్లో పెద్దవాళ్లకు గుర్తుంటయి. రాయితీ అక్కడ దానం కాదు, ప్రాణం.

కానీ సంఘం లెక్కలో దీనివల్ల ఒకటి మారింది. ఇంతకుముందు సెస్‌కు డబ్బు సభ్యుడి దగ్గర్నుంచి వచ్చేది. ఇప్పుడు పెద్ద భాగం ప్రభుత్వ సబ్సిడీ రూపంలో రావాలె. సబ్సిడీ ఆలస్యమైతే సెస్ హోల్‌సేల్ బిల్లు కట్టలేదు, బకాయి పెరుగుతది. బకాయి పెరిగితే సంఘం ప్రభుత్వం ముందు చేతులు కట్టుకుని నిలబడాలె. 1954 రిపోర్టు ప్రభుత్వం సంఘానికి భాగస్వామిగా ఉండాలంది కదా? భాగస్వామి మెల్లగా యజమాని అయితే ఏమైతదో ఆ రిపోర్టు ఊహించలే.

మూల ప్రవర కథ వింటే ఈ ప్రమాదం అర్థమైతది. మన సెస్‌తో పాటు పుట్టిన సంఘం, చక్కెర రైతుల ప్రాంతం, మనకంటే బలమైన పునాది. రాష్ట్ర విద్యుత్ సంస్థకు బకాయిలు కొండలా పెరిగి, 2011లో దాని సరఫరా బాధ్యత మహారాష్ట్ర ప్రభుత్వ డిస్కం చేతికి పోయింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సిరిసిల్లను చూసి జోగిపేట, రాయచోటి, కదిరి లాంటి చోట్ల కూడా ఇట్లాంటి సంఘాలు పెట్టిన్రు. వాటిలో కొన్ని బోర్డుల్లో, డిస్కంలలో కలిసిపోయినయి. సెస్ మిగిలింది. హుక్కేరి మిగిలింది.

పైగా 2003 విద్యుత్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఎవరూ కరెంటు పంపిణీ చెయ్యడానికి లేదు. సహకార సంఘాలకు సెక్షన్ 13 కింద మినహాయింపు ఇవ్వొచ్చు, దానికి రాష్ట్ర ప్రభుత్వ సిఫారసు కావాలె. అంటే సెస్ ఉండాలా వద్దా అన్నది ఎప్పుడూ ఒక సంతకం దూరంలో ఉంటది.

నవాహోల దగ్గర్నుంచి ఒక పాఠం

ఒక్క నిమిషం మన ఊరు వదిలి అమెరికా పోదాం. అక్కడి మూలవాసుల్లో నవాహోలు పెద్ద జాతి. వాళ్ల నేల కింద బొగ్గు ఉంది. 1970లలో వాళ్ల నేల మీద నవాహో జనరేటింగ్ స్టేషన్ అని 2,250 మెగావాట్ల ప్లాంటు కట్టిన్రు. దాని కరెంటు దూరంలో ఉన్న పట్నాలకు, నీళ్లు ఎత్తిపోసే పంపులకు పోయింది. 2019లో అది మూతపడ్డది. కానీ నవాహో నేల మీద వేల ఇళ్లకు ఇవాళ్టికీ కరెంటు లైను లేదు. ఇళ్ల మీద నుంచి హై టెన్షన్ తీగ పోతది, ఇంట్లో మాత్రం చీకటి.

ఆ ప్లాంటుకంటే ముందే, 1959లోనే, వాళ్లు సొంత విద్యుత్ సంస్థ పెట్టుకున్నరు, నవాహో ట్రైబల్ యుటిలిటీ అథారిటీ. ఇప్పటికీ ఒక్కో ఇంటికీ లైను వేసుకుంటా వస్తున్నరు. వాళ్ల అనుభవం చెప్పేదేంటంటే, మీ నేల మీద పవర్ ప్లాంటు ఉండటం వేరు, పవర్ మీ చేతిలో ఉండటం వేరు.

మనకు పక్కనే రామగుండం ఉంది. 1971లో 62.5 మెగావాట్ల యూనిట్, తర్వాత 1978లో పునాదిరాయి పడి 2,600 మెగావాట్లకు పెరిగిన ఎన్‌టీపీసీ. ఆ పొగ గొట్టాలు చూసి గర్వపడతం, కానీ అక్కడ ఏం జరగాలో మన ఓటుతో నిర్ణయం కాదు. ఉత్తర తెలంగాణలో కరెంటు గురించి మామూలు మనిషి ఓటుతో నిర్ణయం చేసే చోటు ఒకటే ఉంది, అది సెస్.

ఆ ఓటును ఏం చేస్తున్నం?

2022 డిసెంబర్‌లో సెస్ ఎన్నికలు జరిగినయి. 15 మంది డైరెక్టర్ల కోసం. సిరిసిల్లలో ఉన్నవాళ్లకు గుర్తుండే ఉంటది, అసెంబ్లీ ఎన్నికలకు ఏం తక్కువ కాలే. అన్ని పార్టీల జెండాలు, ప్రచార రథాలు, టీవీ ఛానళ్ల లైవ్‌లు, కౌంటింగ్ దగ్గర గొడవలు. నేను వార్తలు చూస్తుంటే ఒకటే ఎదురుచూసిన, ఎవరైనా ట్రాన్స్‌ఫార్మర్ గురించి మాట్లాడుతరా అని. లైన్ లాస్ ఎంత? మరమగ్గాల సబ్సిడీ బకాయి ఎంత? రేపు ఇంటి మీద సోలార్ పెట్టుకున్న సభ్యుడి దగ్గర సంఘం కరెంటు ఏ రేటుకు కొంటది? ఈ ముచ్చట్లకంటే ఏ పార్టీ ఎన్ని గెలిచింది అన్నదే ఎక్కువ వినిపించింది.

కొంతమంది అంటరు, రాజకీయం ఎక్కువైంది కాబట్టి సెస్‌ను ఎన్‌పీడీసీఎల్‌లో కలిపేస్తే పోతది కదా అని. వాళ్ల వాదనలో బలం లేకపోలేదు. పెద్ద సంస్థకు డబ్బు ఉంటది, ఇంజినీర్లు ఎక్కువ ఉంటరు, జగిత్యాల, కోరుట్లలో కరెంటు ఆగిపోలే కదా? నిజమే. కానీ జగిత్యాలలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే మీరు వినియోగదారు, ఫిర్యాదు చేస్తరు. సిరిసిల్లలో కాలిపోతే మీరు సభ్యులు, మహాజన సభలో లేచి నిలబడి లెక్క అడగొచ్చు. ఈ హక్కు వాడకపోతే ఉన్నా లేనట్టే. వాడుకుంటే మాత్రం దానికి సాటి లేదు. ఒకసారి పోయినంక మళ్లీ రాదు, కలిపేసిన సంఘాల్లో ఏదైనా తిరిగి బతికిందా చెప్పండి.

ఆర్ఈసీ ఇవాళ ఎక్కడుందో కూడా చెప్పి ముగిస్తా. స్టాక్ మార్కెట్‌లో లిస్టయింది, 2019లో పవర్ ఫైనాన్స్ కార్పొరేషన్ దాంట్లో మెజారిటీ వాటా కొన్నది, 2022లో మహారత్న హోదా వచ్చింది. మీలో కొంతమంది ఫోన్‌లో ఆ షేరు కూడా కొని ఉంటరు. డివిడెండ్ ఎంతొస్తది అని చూస్తరు. తప్పు లేదు. కానీ మీ తాత కూడా ఒక షేరు కొన్నడు. అది ఏ యాప్‌లోనూ కనపడదు. ఇంట్లో ఇనుప పెట్టెలో, పట్టా పాస్‌బుక్కుల కింద, మడతలు పడ్డ కాగితంగా ఉండొచ్చు. సిరిసిల్ల వాళ్లు ఒకసారి వెతకండి. ఆ సభ్యత్వం ఎవరి పేరు మీద ఉంది, తాత పోయినంక మార్చుకున్నరా, ఓటరు లిస్టులో మీ ఇంటి పేరు ఉందా చూడండి. లేకపోతే సెస్ ఆఫీసుకు పోయి అడగండి.

రిజర్వ్ బ్యాంకులో కూర్చున్న ఒక మనిషి 600 ఊళ్ల అప్పుల లెక్కతో మొదలుపెట్టి, చివరికి బావికాడి మోటరు దాకా వచ్చిండు. అంతవరకు సంస్థ కట్టి ఇచ్చిన్రు. దాన్ని నడుపుకోవడం మాత్రం ఎప్పుడూ ఊరి పనే.

మీ ఇంట్లో ఆ పాత షేరు కాగితం దొరికితే కామెంట్‌లో చెప్పండి. మీ ఊరికి మొదటిసారి కరెంటు ఎప్పుడొచ్చిందో మీ నానమ్మను, అమ్మమ్మను అడిగి అది కూడా రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో ఆ జ్ఞాపకాలు చదువుకుందాం. అప్పటిదాకా ఉంటా మరి, జాగ్రత్త.